ఓడిన ఇంటి ముందు పరిచిన కొత్తవాడ జంపఖానా

నేను ఈ సమీక్ష రాస్తున్నది వరంగల్ కొత్తవాడలో నేయించుకున్న ఒక నూలు జంపఖానా గురించి. దాని పొడవు 12 అడుగులు, వెడల్పు 9 అడుగులు. తూకం వేస్తే 12 కిలోలు తూగింది. ధర 4,300 రూపాయలు పడింది. మెరూన్ రంగు మీద ముదురు నీలం, తెలుపు చారలు ఉంటాయి. మా దిక్కు పల్లెల్లో దీన్ని జంపకాన అంటారు, దుకాణాల బోర్డుల మీద మాత్రం దర్రీలు అని రాసి ఉంటుంది. రెండు నెలలకు పైగా దాదాపు ప్రతి సాయంత్రం వాడిన తర్వాతే దీని గురించి నాలుగు మాటలు రాస్తున్నాను. దీన్ని నేను పెళ్లికో వ్రతానికో కొనలేదు. సర్పంచ్ ఎన్నికలో ఓడిపోయిన ఎనిమిదో నాడు కొన్నాను. అందుకని ఆ ఓటమి సంగతి చెప్పకుండా ఈ జంపఖానా మంచిచెడ్డలు చెప్పడం నాకు చేతకాదు.

2024 ఫిబ్రవరి మొదట్లో పాత పాలకవర్గాల గడువు ముగిసిన తర్వాత మా పంచాయతీలు దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో నడిచాయి. ఆ తర్వాత 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా ఎన్నికలు జరిగాయి. మా ఊరు రెండో విడతలో వచ్చింది, సర్పంచ్ పదవి మహిళకు కేటాయించారు. పద్నాలుగేళ్లుగా మహిళా సంఘం లెక్కల పుస్తకాలు రాస్తున్నదాన్ని కనుక వాడకట్టు ఆడవాళ్లే పూనుకొని నన్ను నిలబెట్టారు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీల గుర్తులు ఉండవు. అక్షరక్రమంలో నాకు కత్తెర గుర్తు వచ్చింది. పందొమ్మిది మంది ఆడవాళ్లు, ఏడుగురు పిల్లలు ఆ కత్తెరను పట్టుకొని ఇల్లిల్లూ తిరిగారు. డబ్బు పంచకూడదని ముందే అనుకున్నాము, అనుకున్న మాట తప్పలేదు.

ఉదయం 7 గంటలకు మొదలైన పోలింగు మధ్యాహ్నం 1 గంటకు ముగిసింది, 2 గంటలకు బడిలోనే లెక్కింపు మొదలైంది. వార్డు సభ్యుల తెల్ల కాగితాలు ముందు లెక్కపెట్టి, సర్పంచ్‌కు వేసిన గులాబీ కాగితాలను ఆ తర్వాత తీసుకున్నారు. ఇరవై ఐదేసి ఓట్లను ఒక కట్టగా కడతారు. నా వైపు 24 కట్టలు పేర్చి, కట్ట కాని 12 కాగితాలు పైన పెట్టారు. ఎదుటి అభ్యర్థి వైపు 25 కట్టలు, మీద 24 కాగితాలు. అంటే ఆమెకు 649, నాకు 612. ఆ 12 గులాబీ కాగితాల అంచులు ఫ్యాను గాలికి లేస్తుంటే ఒక అధికారి వాటి మీద స్కేలు బద్ద పెట్టిన సంగతి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఓటమి అనగానే నాకు ఆ స్కేలు బద్దే గుర్తుకు వస్తుంది.

మరునాడు పొద్దున టెంటు హౌస్ వాళ్లు వచ్చి మా ఇంటి ముందు నుంచి అరవై ప్లాస్టిక్ కుర్చీలు, షామియానా ఎత్తుకుపోయారు. వాళ్ల తప్పేమీ లేదు, కిరాయి అంతవరకే మాట్లాడుకున్నాము. అయితే మూడు వారాలు మనుషులతో నిండి ఉన్న వాకిలి ఒక్కసారిగా మట్టినేల అయిపోయింది. నా కోసం తిరిగిన ఆడవాళ్లు పలకరించడానికి వచ్చి, కూర్చునే చోటు లేక గోడకు ఆనుకొని నిలబడి, రెండు మాటలు చెప్పి వెళ్లిపోయేవారు. రాత్రిళ్లు నేను పక్క మీద పడుకొని ఇండ్లను లెక్కపెట్టేదాన్ని. ఈ ఇంట్లో నాలుగు ఓట్లు, ఆ ఇంట్లో మూడు, వీళ్లు వేశారు, వాళ్లు మాటిచ్చి తప్పారు అనుకుంటూ ముప్పై ఏడు ఓట్లు ఎక్కడ జారాయో వెతుక్కుంటూ తెల్లవారేది. పొద్దున బావి దగ్గర ఎవరైనా నవ్వితే ఆ నవ్వును కూడా ఆ లెక్కలోనే వేసుకునేదాన్ని. ఓడిన ప్రతివారికీ ఈ లెక్క తెలుసు. ఇది ఎంత చేసినా తేలదు, తేలినా పనికిరాదు, అయినా మానడం కష్టం.

డిసెంబరు 22న కొత్త సర్పంచులు ప్రమాణ స్వీకారం చేశారు. మా ఊళ్లో డప్పులు మొదలుకాకముందే నేను బస్సెక్కి వరంగల్ వెళ్లిపోయాను. పారిపోయాననే చెప్పాలి. ఎక్కడికి వెళ్లాలో అనుకోలేదు. పల్లెవెలుగు బస్సులో జీరో టికెట్టు తీసుకొని కిటికీ పక్కన కూర్చున్నప్పుడు మాత్రం గోడకు ఆనుకొని నిలబడ్డ ఆడవాళ్లు గుర్తుకు వచ్చారు. కిరాయి కుర్చీలు మళ్లీ తెప్పించే స్తోమత లేదు. చాపలు కొందామని బస్టాండు దగ్గర ఒక దుకాణంలో అడిగితే రంగురంగుల ప్లాస్టిక్ చాపలు చూపించాడు. ఒక్కొక్కటి 350 రూపాయలు, ఐదు కావాలి, ఏడాది తిరక్కుండా ముక్కలైపోతాయి. అప్పుడు కొత్తవాడ మనసులో మెదిలింది.

కొత్తవాడ గురించి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. వరంగల్ నగరంలో పద్మశాలీల మగ్గాలకు పేరుపడిన పేట అది. మొగలు సైన్యాల వెంట దక్కనుకు వచ్చిన తివాచీల నేత ఇక్కడ స్థిరపడి, కాలక్రమంలో నూలు జంపఖానాల నేతగా నిలబడిందని పెద్దలు చెబుతారు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆజంజాహీ బట్టల మిల్లు వేలమందికి తిండి పెట్టి చివరకు మూతపడింది గానీ, ఈ పేటలోని చేతిమగ్గాలు బక్కచిక్కినా ఇంకా ఆడుతూనే ఉన్నాయి. నేను వెళ్లిన గల్లీలో రెండు ఇండ్లలో మగ్గం చప్పుడు వినిపించింది, మరో నాలుగు ఇండ్ల ముందు రంగు వేసిన నూలు చిలపలు ఆరేసి ఉన్నాయి.

ఒక ఇంట్లో వెడల్పాటి మగ్గం మీద భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చుని నేస్తున్నారు. ఆయనకు డెబ్బై ఏళ్ల పైమాటే ఉంటుంది. జంపఖానా కావాలని చెప్పగానే పొడవు, వెడల్పు అడుగుతాడని అనుకొని నేను మనసులో అంకెలు సిద్ధం చేసుకున్నాను. ఆయన మాత్రం చేతిలో పని ఆపకుండానే, "ఎంతమంది కూసుంటరు బిడ్డా?" అని అడిగాడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. ఎనిమిది రోజులుగా నేను రానివాళ్లనే లెక్కపెడుతున్నాను. వచ్చేవాళ్లను లెక్కపెట్టమని ఎవరూ అడగలేదు, నన్ను నేను కూడా అడగలేదు. అక్కడే గడప మీద కూర్చుని వేళ్లు మడుస్తూ పేర్లు చెప్పుకున్నాను. ఓడిన తర్వాత కూడా ఇంటికి వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డవాళ్లు పద్నాలుగు మంది తేలారు. ఇంకా ఇద్దరు ముగ్గురు పిలిస్తే వస్తారనిపించింది. "పదహారు మంది తాతా" అన్నాను. గుండ్రంగా కూర్చునేటట్టయితే తొమ్మిది పన్నెండు సరిపోతుందని, బారుగా కూర్చునేటట్టయితే పట్టీలాగా పొడుగ్గా నేయించుకోవాలని ఆయన విడమరిచి చెప్పాడు. గుండ్రంగానే అన్నాను. ఆ ఒక్క ప్రశ్న కోసమైనా నేను ఆ గల్లీకి మళ్లీ వెళతాను.

ఆయన నేరుగా అమ్మడు. ఆయన నేసే సరుకంతా ఒక దుకాణానికి వెళుతుంది, ఆర్డరు కూడా అక్కడే ఇవ్వాలి. ఆ దుకాణంలో చేనేత సరుకు పక్కనే మరమగ్గాల సరుకు కూడా పెట్టి ఉంది. చూపుకు రెండూ ఒకటే. తేడా తెలియాలంటే అంచు దగ్గర పట్టుకొని తిరగేసి చూడాలి. చేతిమగ్గం మీది జంపఖానాకు అడుగు పైభాగం అంటూ ఉండదు, చార ఇటువైపు ఎట్లా ఉందో అటువైపు కూడా అట్లాగే ఉంటుంది. అడ్డంగా వేసే పేక పోగును దట్టంగా కొట్టి బిగించడం వల్ల నిలువుగా ఉండే పడుగు పైకి కనిపించదు. గోటితో గీకితే పోగు పక్కకు జరగదు. నాకు చూపించిన మరమగ్గం ముక్క పలచగా ఉంది, గోరు పెడితే సందు పడింది, ధర మాత్రం సగమే. పదహారు మంది రోజూ కూర్చునే వస్తువు కనుక సగం ధరకు ఆశపడలేదు. 1,500 రూపాయలు బయానా ఇచ్చాను. పది రోజుల్లో ఇస్తామన్నారు.

పంతొమ్మిది రోజులు పట్టింది. ఈ ఆలస్యం మీద నాకు ఇప్పటికీ కోపమే. నేతగాడిని నేను తప్పుపట్టను, ఆయన చేతిలో నూలు పడిందే వారం తర్వాత అని తరువాత తెలిసింది. దుకాణం వాళ్లు ఆ మాట ముందే చెప్పి ఉంటే ఫోను మీద ఫోను చేసే పని ఉండేది కాదు. ప్రతిసారీ రేపే అన్నారు. ఎన్నికల ముందు అంతా మనకే అని చెప్పినవాళ్ల మాటలు అప్పుడప్పుడే చెవుల్లో ఆరుతున్న రోజుల్లో ఈ రేపు అనే మాట నాకు మామూలుకన్నా ఎక్కువగా గుచ్చుకుంది.

ఆ పంతొమ్మిది రోజులూ మేము యూరియా సంచులు విప్పి కుట్టిన పట్టా మీద కూర్చున్నాము. చలికి అది మంచులా తగిలేది, కదిలితే గరగర చప్పుడయ్యేది. అయినా మా కూడిక అప్పుడే మొదలైంది కనుక దాన్ని తక్కువ చేయను. మొదటి రెండు రోజులు మాట్లాడిందంతా ఎవరు ఓటు వేయలేదన్న ముచ్చటే. మూడో నాడు మాలో అందరికన్నా పెద్దదైన అవ్వ, "ఈ పట్టా మీద కూసున్నంత సేపు ఓటెయ్యనోళ్ల పేరు తియ్యద్దు. రేపు ఆళ్ల ఇండ్లళ్లనే మనం నీళ్లడుగుతం, నిప్పడుగుతం" అన్నది. ఆ నియమం పాటించడం చాలా కష్టమైంది. మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగేది. ఇద్దరు ఆడవాళ్లకు అది నచ్చలేదు, కడుపులో ఉన్నది చెప్పుకోకుండా కూర్చోవడమెందుకని రావడం మానేశారు. వాళ్ల బాధ కూడా నిజమే. చెప్పుకోవాల్సింది చెప్పుకోవాలి, కాకపోతే రోజూ అదే చెప్పుకుంటే గాయం మానదు. ఇప్పటికీ ఈ విషయంలో మేము పూర్తిగా సరిగ్గా చేశామని అనుకోను. ముందు ఒక వారం కడుపారా తిట్టుకోనిచ్చి తర్వాత నియమం పెట్టుకుంటే వాళ్లిద్దరూ ఉండేవారేమో.

జనవరి 10న జంపఖానా చేతికి వచ్చింది. వాకిట్లో ఊడ్చి, చుట్ట విప్పి పరిచినప్పుడు నూలు వాసన, అద్దకం వాసన కలిసి వచ్చాయి. అవ్వ చెప్పులు విడిచి ముందుగా అరచేయి ఆనించి చూసింది, తర్వాత కూర్చుంది. యూరియా పట్టా మీద ఆమె కాసేపటికే మోకాలు పట్టుకొని లేచిపోయేది, ఆ రోజు దీపాల వేళ నుంచి రాత్రి తొమ్మిది దాకా కూర్చుంది. నేల చలి పైకి రాలేదు. దూదితో చేసిన మెత్తదనం ఉండదు దీనికి, గట్టిగానే ఉంటుంది, కానీ ఆ గట్టితనం వంటికి నొప్పి కలిగించదు. కూర్చున్న చోట ముడతలు పడదు. పిల్లలు మీద పొర్లినా పక్కకు జారదు. పదహారు మంది కూర్చున్నాక మధ్యలో లాంతరు, పుస్తకాలు పెట్టుకోవడానికి ఇంకా చోటు మిగులుతుంది. ముసలాయన లెక్క తప్పలేదు.

కుర్చీలకు, దీనికి ఉన్న తేడా నేను వాడిన తర్వాతే గమనించాను. ఎన్నికల రోజుల్లో నాకు ఎదురుగా ఒక కుర్చీ వేసేవారు, మిగతావాళ్లు వరుసల్లో కూర్చునేవారు. నా మాట వాళ్లు వినేవారు. జంపఖానా మీద నాకంటూ ఒక చోటు లేదు. ముందు ఎవరు వస్తే వాళ్లు గోడవైపు కూర్చుంటారు, ఆలస్యమైతే నేను అంచున ఒదిగి కూర్చుంటాను. ఓడిన అభ్యర్థిని ఓదార్చడానికి వచ్చినట్టు కాకుండా, అందరం కలిసి ఓడినట్టు మాట్లాడుకోవడం ఇక్కడే అలవాటైంది. నా ఓటమి అని నేను అనుకున్నది నిజానికి వాళ్లది కూడా. ఇరవై రోజులు కాళ్లరిగేలా తిరిగిన మా పక్కింటి చెల్లెలు, తనను ఇంతవరకూ ఎవరూ బాధగా ఉందా అని అడగలేదని ఒక సాయంత్రం ఏడ్చింది. నేను కూడా అడగలేదు. ఆ మాట గుర్తుకు వస్తే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది.

ఆ జంపఖానా మీద మేము చేసిన మొదటి పని ఖర్చుల లెక్క. ఫలితం ప్రకటించిన 45 రోజుల్లోగా గెలిచినవారూ ఓడినవారూ తమ ఎన్నికల ఖర్చుల లెక్కను మండల పరిషత్తు అధికారికి అప్పగించాలి. అప్పగించకపోతే మూడేళ్లు పోటీ చేసే అర్హత పోతుంది. ఓడినవాళ్లలో చాలామంది ఇంకెందుకులే అని దీన్ని వదిలేస్తారు, పోయిన పదవితోపాటు రాబోయే అవకాశాన్ని కూడా పోగొట్టుకుంటారు. మాకు జనవరి 28 వరకు గడువు ఉంది. అయిదువేల లోపు జనాభా ఉన్న ఊరు కనుక సర్పంచ్ అభ్యర్థి ఖర్చు లక్షన్నర దాటకూడదు. రశీదులన్నీ జంపఖానా మీద తెల్లచార వెంబడి వరుసగా పేర్చాము. కరపత్రాలు, ఆటో కిరాయి, మైకు, టెంటు, చాయ్ నీళ్లు. ఒక్కో రశీదు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ రోజు ఏం జరిగిందో ఎవరో ఒకరు చెప్పేవారు. వానకు తడిసిన కరపత్రాలను ఇస్త్రీ పెట్టె పెట్టి ఆరబెట్టిన రాత్రి గుర్తుచేసుకొని మొదటిసారి అందరం నవ్వాము. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే డిపాజిట్టు తిరిగి వస్తుంది కనుక బీసీ అభ్యర్థిగా నేను కట్టిన 1,000 రూపాయలకు కూడా దరఖాస్తు రాసుకున్నాము. బాకీలు ఎవరెవరికి ఉన్నాయో అదే రోజు కాగితం మీద పెట్టాము. ఓటమి బరువులో సగం ఈ బాకీలదేనని, అవి కాగితం మీదికి వచ్చిన తర్వాత నిద్ర కొంచెం నయమైందని అనుభవం మీద చెబుతున్నాను.

మా మరిది కొడుకు విషయం మాత్రం జంపఖానాకు లొంగలేదు. ఇరవై రెండేళ్ల పిల్లవాడు, ప్రచారమంతా తన ఫోను మీదే నడిపాడు. ఫలితం తర్వాత పొలం దగ్గర కొట్టంలోనే ఉండిపోయి సరిగ్గా తినకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా అయిపోయాడు. అందరి మధ్య కూర్చోబెడితే ఇంకా ముడుచుకుపోయాడు. అప్పుడు మా అంగన్‌వాడీ టీచరమ్మ 14416 నంబరు గుర్తుచేసింది. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ. రాత్రీ పగలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. మొదటిసారి నేనే కలిపి ఫోను వాడి చేతికిచ్చి గట్టు దాకా నడిచి వచ్చేశాను. అరగంటకు పైగా మాట్లాడాడు. రెండోసారి వాడే చేసుకున్నాడు. ఊళ్లో ఇంత చిన్న ఎన్నికకే ఇంత బాధా అని ఎవరైనా అనవచ్చు. ఊరు చిన్నదైనకొద్దీ ఓటమి దగ్గరగా ఉంటుంది. ఓటు వేయనివాళ్లు ఎక్కడో ఉండరు, రోజూ ఎదురుపడతారు. ఇట్లాంటి పిల్లలు మీ ఇంట్లో ఉంటే సిగ్గుపడకుండా ఆ నంబరుకు ఫోను చేయండి.

వస్తువు గట్టితనానికి అసలు పరీక్ష మేడారంలో జరిగింది. జనవరి 28 నుంచి 31 వరకు సమ్మక్క సారలమ్మ జాతర. లెక్కలు అప్పగించిన తర్వాత డీసీఎం వ్యాను మాట్లాడుకొని పదకొండు మందిమి వెళ్లాము, జంపఖానా చుట్ట వెంట తీసుకెళ్లాము. జంపన్న వాగు అవతల ఇసుకలో ఒక చెట్టు కింద పరిచి రెండు రాత్రులు దాని మీదే పడుకున్నాము. కాకతీయులకు కప్పం కట్టలేక, కరవులో ఉన్న తమవాళ్ల కోసం నిలబడి పోరాడి ఓడినవాళ్లు ఈ తల్లులు. పోరు పోయిందని తెలిసి సంపెంగ వాగులో దూకిన జంపన్న పేరే ఆ వాగుకు నిలిచింది. గాయాలతో సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనిపించకుండా పోతే అక్కడ కుంకుమ భరిణె దొరికిందని చెబుతారు. ఏడేండ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి ఎన్నిసార్లో విన్న కథ ఇది. ఈసారి ఆ చెట్టు కింద పడుకొని వింటుంటే, లక్షలమంది బెల్లం నెత్తిన పెట్టుకొని నడిచి వచ్చేది ఓడిపోయినవాళ్ల దగ్గరికే కదా అనిపించింది. నా పంచాయతీ ఎన్నికను ఆ తల్లుల పోరుతో పోల్చే సాహసం చేయను, పోల్చకూడదు కూడా. అయితే ఓడినంత మాత్రాన తలదించుకోవాలన్న మాట మా నేల మీద పుట్టింది కాదని మాత్రం నాకు గట్టిగా తోచింది. ఆ రాత్రి ఇండ్ల లెక్క వేయకుండా నిద్రపోయాను.

తిరిగి వచ్చాక చూస్తే జంపఖానా నేతలో ఇసుక దూరింది, ఒకచోట బెల్లం పాకం అంటుకొని గట్టిపడింది. దండెం మీద వేసి కర్రతో కొడితే ఇసుక రాలిపోయింది, పోగు మాత్రం చెక్కు చెదరలేదు. బెల్లం మరక తడిగుడ్డతో పోయింది. అసలు నష్టం మొదటి ఉతుకులో జరిగింది. రంగు దిగదని దుకాణంలో గట్టిగా చెప్పారు, మెరూన్ మాత్రం దిగింది. తెల్లచారలు రెండు వైపులా లేత గులాబీ రంగుకు తిరిగాయి. ఒక మూల కుచ్చుల ముడి కూడా విడిపోయి నాలుగు పోగులు ఊడాయి. వస్తువు పట్టుకొని వెళితే దుకాణం వాళ్లు ఉతకడం తెలియక అట్లా అయిందన్నారు. రశీదు చూపమన్నారు. కొన్న రోజున రశీదు అడిగి అడిగి తీసుకున్నాను కనుక చూపగలిగాను. రంగు విషయంలో ఏమీ చేయలేమన్నారు. కుచ్చులు మాత్రం ఆ నేసిన పెద్దాయన తన వాకిట్లో కూర్చుని అప్పటికప్పుడు ముడివేసి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. మొదటి ఉతుకు చల్లని ఉప్పునీళ్లలో నానబెట్టి చేయాలని, నీడలో ఆరేయాలని, మడత పెట్టకుండా చుట్టలాగే ఉంచాలని, చుట్టలో వేపాకు వేయాలని ఆయన చెప్పాడు. కొన్నప్పుడే దుకాణం వాళ్లు ఒక కాగితం మీద రాసి ఇవ్వాల్సిన మాటలు ఇవి.

బరువు గురించి కూడా చెప్పాలి. పొడిగా ఉన్నప్పుడు ఇద్దరు ఆడవాళ్లు తేలిగ్గా మోస్తారు. తడిస్తే నలుగురు పట్టాలి, ఎండాకాలంలో కూడా ఆరడానికి రెండు రోజులు కావాలి. ఒంటరిగా ఉండేవాళ్లకు, మేడ మీద గదుల్లో ఉండేవాళ్లకు ఈ కొలత వద్దు. ఆరు తొమ్మిది అడుగులది చాలు.

మేడారం వెళ్లకముందు, జనవరి 26న గ్రామసభ ఉందని చాటింపు వేశారు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులే, దానికి గెలవాల్సిన పని లేదు. చట్టం ప్రకారం రెండు నెలలకోసారైనా సభ జరగాలి. ఓడిపోయాక పంచాయతీ ఆఫీసు మెట్లెక్కడం నాకు ఎంత కష్టంగా ఉండేదో మాటల్లో చెప్పలేను. అందుకని ముందు నాలుగు సాయంత్రాలు జంపఖానా మీద కూర్చుని అయిదు ప్రశ్నలు రాసుకున్నాము. దళితవాడ వెనక మురుగు కాలువ, బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లు, వీధిదీపాలు, నర్సరీ, ఉపాధి హామీ బకాయిలు. ప్రచారంలో నేను వాగ్దానం చేసినవే ఇవన్నీ. సభ రోజున ఆఫీసు ముందు మగవాళ్లకు కుర్చీలు వేశారు, ఆడవాళ్లకు ఎప్పటిలాగే ఏమీ లేదు. మేము జంపఖానా మోసుకొచ్చి ముందు వరుసకు ముందు పరిచి కూర్చున్నాము. నా గొంతు వణికింది, మొదటి ప్రశ్న అవ్వే అడిగింది, మిగతావి నేను చదివాను. కొత్త సర్పంచ్ అయిదింటిలో మూడు రాసుకుంది. కాలువ పని ఫిబ్రవరిలో మొదలైంది, బడి మరుగుదొడ్డికి నీళ్లు ఇంకా రాలేదు. దాన్ని తరువాతి సభలో మళ్లీ అడుగుతాము.

ఆ రోజు మాకు ఓటు వేయలేదని నేను రాత్రిళ్లు లెక్కపెట్టిన ఇంటి ఆడమనిషి ఒకామె, నిలబడి నిలబడి కాళ్లు పీకి, జంపఖానా అంచున కూర్చుంది. కొంచెం జరిగి చోటిచ్చాము.

ఇక కొనాలా వద్దా అన్న మాట. ఎన్నికలో ఓడినవాళ్ల కోసమే అని కాదు, నలుగురు కూడే ఇల్లు ఏదైనా ఉంటే ఈ వస్తువు కొనదగ్గదే. ధర న్యాయమైనదే. ఇద్దరు మనుషులు రోజుల తరబడి కూర్చుని నేసినదానికి అది ఎక్కువ కాదు, అందులో నేతగాడి చేతికి ఎంత ముడుతుందో తెలిసినప్పుడు నాకు తక్కువే అనిపించింది. దుకాణం సేవకు నేను మంచి మార్కులు వేయలేను. ఆలస్యం, రంగు గురించిన అబద్ధం రెండూ మామూలు తప్పులు కావు. నేతకు మాత్రం వంక పెట్టలేను. అవసరానికి ఇరవై అయిదు రోజుల ముందే ఆర్డరు ఇవ్వండి. రశీదు తీసుకోండి. మూల తిరగేసి, గోరు పెట్టి చూడండి. వీలైతే మగ్గం దగ్గరికి వెళ్లి, కూర్చునేవాళ్లు ఎంతమందో నేసే మనిషికే చెప్పండి.

మా మహిళా సంఘం ఇప్పుడు రెండోది నేయిస్తోంది, అదే మగ్గం మీద, అదే కొలతలో. మొన్న వెళ్లి బయానా ఇచ్చి వచ్చాను. ఈసారి తెల్లచార వద్దని, ముదురు నీలం మీద ఆకుపచ్చ వేయమని చెప్పాను. కూర్చునేవాళ్లు ఇరవై ముగ్గురని పెద్దాయనకు చెబితే, ఒక మూర పొడవు పెంచుతానన్నాడు.